కుర్చీ మీద తువ్వాలు

గోనెసంచుల గణన సంస్థ కాకినాడ శాఖలో కిటికీ పక్క కుర్చీ దొరకడమంటే మాటలు కాదు. అది సర్వీసుని బట్టి వస్తుంది. పైవాడు రిటైరైతే కిందివాడు ఒక కుర్చీ కిటికీ వైపు జరుగుతాడు. అలా జరుగుతూ జరుగుతూ, తీరా కిటికీ దగ్గరికి చేరేసరికి చూపు మందగించి, బయట ఏముందో కనపడని స్థితిలో ఉంటాడు. అయినా సరే, అందరికీ కిటికీయే కావాలి.

వేమగిరి కామేశానికి ఉద్యోగంలో చేరిన రోజున బాత్‌రూము తలుపు పక్కన కుర్చీ ఇచ్చారు. జుట్టు నెరిసినా అతను ఇంకా అక్కడే ఉన్నాడు. అతనితో పాటు అదే రోజు చేరిన ఇంకొకాయన, కామేశం గుమ్మం బయట చెప్పులు విప్పుకుంటూండగా లోపలికి దూరి ముందు సంతకం పెట్టేశాడు. దాంతో సీనియరైపోయాడు. ఆ తరవాత ఎవరు రిటైరైనా రాజధాని నుంచి మరో సీనియరు బదిలీ మీద వచ్చి మధ్యలో దిగబడేవాడు. కామేశం మెత్తని మనిషి. ఎవరితోనూ తగువు పెట్టుకోలేదు. బాత్‌రూములోకి వెళ్ళేవాళ్ళు "ఏవయ్యా, నీళ్ళొస్తున్నాయా?" అని అడిగితే, లేచి కుళాయి తిప్పి చూసి మరీ చెప్పేవాడు.

సంస్థ చేసే పని చాలా ముఖ్యమైనది. రాష్ట్రంలో ఖాళీ గోనెసంచులు ఎన్ని ఉన్నాయో అది లెక్కపెడుతుంది. నిండిన సంచులు దాని పరిధిలోకి రావు. వాటికి వేరే శాఖ ఉంది. ఒక సంచి నిండితే ఇటు తీసేసి అటు కలపాలి, ఖాళీ అయితే అటు తీసేసి ఇటు కలపాలి. అందుచేత రెండు శాఖల్లోనూ చేతినిండా పని.

ఇలా ఉండగా సంస్థ డైరెక్టరుగారు ఎక్కడో చల్లని ఊళ్ళో జరిగిన సదస్సుకి వెళ్ళివచ్చారు. అక్కడ ఒక ఉపన్యాసకుడు, ఇంట్లో శుభ్రమైన బల్ల, నడుముకి ఆనే కుర్చీ, సహజమైన వెలుతురు, ఒక పచ్చని మొక్క ఉంటే ఉద్యోగి ఇంటి నుంచే అద్భుతంగా పని చేస్తాడని చెప్పాడట. డైరెక్టరుగారికి అది మనసుకి పట్టేసింది. వచ్చిన మర్నాడే 'గృహ కార్యస్థల సౌఖ్య పథకం' ప్రకటించారు. ఉద్యోగులు తమ ఇంట్లో పనిచేసే చోటు సుఖముగాను, పరిశుభ్రముగాను అమర్చుకుని, దాని ఛాయాచిత్రమును పంపవలెను. తీగలు కనపడరాదు. బల్ల మీద అనవసర వస్తువులు ఉండరాదు. మొక్క సజీవమై ఉండవలెను. ఆమోదము పొందినవారు ఇంటి నుండియే విధులు నిర్వర్తించవచ్చును. ఆమోదము పొందిన పిమ్మట కూడా ప్రతి నెలా మొదటి సోమవారము ఉదయము తాజా ఛాయాచిత్రము పంపుచుండవలెను.

కామేశం ఆ కాగితాన్ని బాత్‌రూము వెలుతురులోనే చదివాడు. 'సహజమైన వెలుతురు' అన్నచోట అతని గుండె ఝల్లుమంది. తన ఇంట్లో కిటికీ ఉంది.

జగన్నాథపురం వంతెన అవతల ఒక మేడ మీది వాటాలో కాపురం. ముందు ఒక గది, వెనక వంటగది, రెంటికీ మధ్య బాత్‌రూము. ముందు గదికి ఒకే ఒక్క కిటికీ. మధ్యాహ్నం దాటితే చాలు, సముద్రం గాలి ఆ కిటికీలోంచి వచ్చి కేలండరు కాగితాల్ని రెపరెపలాడిస్తుంది. ఆ కిటికీ అప్పటి వరకూ కామేశం భార్య సుభాషిణిది. ఆవిడ ముచ్చటపడి కొనుక్కున్న పేము అల్లిక కుర్చీ ఆ కిటికీ దగ్గరే ఉండేది. అక్కడే కూర్చుని గోరుచిక్కుళ్ళు ఒలిచేది, వారపత్రిక చదివేది, తలంటుకున్న రోజున జుట్టు ఆరబెట్టుకునేది. ఒత్తయిన జుట్టు. గాలి లేనిదే ఆరదు, ఆరకపోతే జలుబు చేస్తుంది.

"సుభా, ఆ కిటికీ నాకు కావాలి" అన్నాడు కామేశం, చిన్నపిల్లాడు మిఠాయి అడిగినట్టు.

సుభాషిణి అతని మొహం చూసింది. బాత్‌రూము పక్క కుర్చీ సంగతి ఆవిడకి తెలియంది కాదు.

"తీసుకోండి. కుర్చీ కూడా తీసుకోండి, నడుముకి బావుంటుంది. నా తలంటు రోజున మాత్రం కాసేపు లేవాలి."

"అదెంతసేపు. లేస్తాను" అన్నాడు కామేశం.

ఇద్దరూ కలిసి ఆ మూలని తీర్చిదిద్దారు. బియ్యం డబ్బా పెట్టుకునే బల్లని ఖాళీ చేసి, కడిగి, కిటికీ కిందకి జరిపారు. బల్ల కాలు ఒకటి పొట్టిగా ఉంటే కొబ్బరి చిప్ప ముక్క పెట్టారు. కంప్యూటరు తీగల్ని సుభాషిణి తన పాత జడరిబ్బనుతో కట్టి బల్ల వెనక్కి తోసింది. పచ్చడి సీసాలో నీళ్ళు పోసి ఒక తీగమొక్క పెట్టింది. కిటికీ ఊచలు బొగ్గుపొడితో తోమింది. అన్నీ అయ్యాక కామేశం వెళ్ళి ఆ కుర్చీలో కూర్చున్నాడు. కింద వంతెన మీద ఐస్ పెట్టెలు కట్టుకున్న సైకిళ్ళు చేపల రేవు వైపు పోతున్నాయి. గాలి వచ్చి మొహానికి తగిలింది. ఇన్నేళ్ళ సర్వీసులో ఇంత సుఖం ఎరగడు. కళ్ళు చెమర్చాయి.

ఫోటో తీసే రోజున సుభాషిణి తలంటుకుంది. జుట్టు తుడుచుకుని, ఎర్రంచు ఉన్న దళసరి టర్కీ తువ్వాలుని అలవాటు చొప్పున కుర్చీ వీపు మీద ఆరేసి లోపలికి పోయింది. వెలుతురు తగ్గిపోతోందన్న కంగారులో కామేశం మొక్క చూశాడు, తీగలు చూశాడు, కొబ్బరి చిప్ప కనపడుతోందా అని చూశాడు. తువ్వాలు చూడలేదు. ఫోటో తీసి పంపేశాడు.

ఇక్కడ సంస్థ పద్ధతి ఒకటి చెప్పాలి. అందులో గుమాస్తాల కుర్చీలు బోడిగా ఉంటాయి. డిప్యూటీ డైరెక్టరు, ఆ పైవాళ్ళ కుర్చీల వీపు మీద మాత్రం టర్కీ తువ్వాలు పరిచి ఉంటుంది. ఎందుకు అంటే ఎవరూ చెప్పలేరు. మొదట్లో ఏ అధికారో తలకి నూనె ఎక్కువ రాసుకునేవాడేమో. ఏదైనా, గదిలోకి వెళ్ళినవాడు ముందు తువ్వాలు ఉందా లేదా చూస్తాడు, ఉంటే నమస్కారం పెడతాడు. కుర్చీలో మనిషి లేకపోయినా పెడతాడు.

రాజధానిలో ఛాయాచిత్రాల పరిశీలన సంఘం కూర్చుంది. కామేశం ఫోటో వచ్చేసరికి సభ్యులు లేచి నిలబడ్డారట.

పది రోజుల్లో ఉత్తర్వు వచ్చింది. కామేశం చేతులు తుడుచుకుని చదివాడు. "పై సూచికలో ఉదహరించిన ఛాయాచిత్రమును కూలంకషముగా పరిశీలించిన మీదట, సదరు గృహమునందు డిప్యూటీ డైరెక్టరు స్థాయి ఆసనము ఒకటి ఖాళీగా ఉన్నట్లు గమనించడమైనది. ఉన్నత పదవులను ఖాళీగా ఉంచుట సంస్థ ప్రయోజనములకు భంగకరము కనుక, శ్రీ త్రివిక్రమరావుగారిని సదరు ఆసనమునందు తక్షణమే నియమించడమైనది. గృహస్థు తగు సహకారము అందించవలెను."

"అయితే మీకు ఆమోదం వచ్చినట్టా, రానట్టా?" అంది సుభాషిణి.

కామేశం మళ్ళీ చదివాడు. "కుర్చీకి వచ్చింది" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే త్రివిక్రమరావుగారు సూట్‌కేసుతో, పేరు చెక్కిన ఇత్తడి పలకతో, బల్ల మీద పెట్టుకునే గంటతో దిగారు. లావుపాటి మనిషి. వచ్చీరాగానే కుర్చీ దగ్గరికి వెళ్ళి, తువ్వాలుని చేత్తో తడిమి చూసి, తృప్తిగా కూర్చున్నారు.

"అయ్యా, ఇది మా ఇల్లండి" అన్నాడు కామేశం.

"నిన్నటి వరకూ. ఇప్పుడిది ఉపకార్యాలయం. మీరిద్దరూ ఇందులో నివాసం ఉండటానికి సంస్థకి అభ్యంతరం లేదు. ఆ మేరకు ఔదార్యం చూపించారు."

"అది మా ఆవిడ తువ్వాలండి. తలంటుకుని ఆరేసింది."

"తువ్వాలు ఎవరిదని సంస్థ అడగదయ్యా. ఎక్కడుందో అదే చూస్తుంది."

"పోనీ, తీసేస్తానండి."

త్రివిక్రమరావుగారు కళ్ళజోడు తీసి అతన్ని జాలిగా చూశారు. "తువ్వాలు తీస్తే పదవి రద్దవుతుంది. డిప్యూటీ డైరెక్టరు పదవిని రద్దుచేసే అధికారం నీకుందా?"

కామేశం లేదన్నాడు.

"మరి. పనిలో పడదాం. నీ స్థానం నిర్ణయించాలి. ఇక్కడ బాత్‌రూము ఎక్కడ?"

కామేశం చూపించాడు. ఆ సాయంత్రానికి బాత్‌రూము తలుపు పక్కన ఒక ముక్కాలిపీట, దాని ముందు తలకిందులు చేసిన కూరగాయల బుట్ట వెలిశాయి. కామేశం పీట మీద కూర్చున్నాడు. కొత్తచోటులా అనిపించలేదు.

ఉపకార్యాలయానికి అటెండరు పోస్టు మంజూరు కాలేదు. కాబట్టి ఆ బాధ్యత కూడా కామేశానికే అదనంగా అప్పగించారు. గంట ఒకసారి మోగితే అటెండరు రావాలి. రెండుసార్లు మోగితే గుమాస్తా రావాలి. త్రివిక్రమరావుగారు క్రమశిక్షణ గల అధికారి. ఆయన ఎప్పుడూ నేరుగా రెండుసార్లు మోగించలేదు.

ఒకసారి మోగేది. కామేశం వెళ్ళేవాడు.

"గుమాస్తాని రమ్మను."

కామేశం పీట దాకా వెనక్కి వెళ్ళి, మళ్ళీ వచ్చేవాడు. "పిలిచారటండి?"

"ఇంతసేపా రావడం? అటెండరు చెప్పలేదా?"

"చెప్పాడండి."

"వాడు కాస్త బద్ధకస్తుడిలా ఉన్నాడు. కనిపెట్టి ఉండు."

"అలాగేనండి" అనేవాడు కామేశం. నిజంగానే కనిపెట్టి ఉండేవాడు.

వారం తిరిగేసరికి వంటగదికి 'క్యాంటీను' అని కాగితం అంటించారు. బాత్‌రూముకి 'అధికారులకు మాత్రమే' అని బోర్డు పెట్టారు. కామేశం, సుభాషిణి కింద ఇంటివాళ్ళ బాత్‌రూముకి వెళ్ళవలసి వచ్చింది. త్రివిక్రమరావుగారు బస కూడా చేసిన ముందు గది గుమ్మానికి 'సందర్శకుల వేళలు: సాయంత్రము నాలుగు నుండి' అని రాసి పెట్టారు. సుభాషిణి తన బీరువాలోంచి చీర తీసుకోవాలన్నా నాలుగింటి దాకా ఆగాలి. వీధిలో వేలాడదీసిన ఉపకార్యాలయం బోర్డు చూసి జనం కూడా రావడం మొదలుపెట్టారు. ఒక రైసుమిల్లాయన ఖాళీ సంచుల బండి తోలుకొచ్చి, లెక్క పెట్టుకోమని మేడమెట్ల మీద దింపించి పోయాడు. అవి లెక్క తేలేదాకా కదపకూడదు. సుభాషిణి కొంగు దోపుకుని వాటి మీంచి ఎక్కి దిగేది.

ఆవిడ ఉప్మా చేసింది, కాఫీ పెట్టింది, త్రివిక్రమరావుగారు బావుందన్నప్పుడు విన్నది. తలంటు రోజు వచ్చింది. జుట్టు ఆరబెట్టుకోవడానికి కిటికీ లేదు. వంటగదిలో గాలి లేదు. తడి జుట్టు ముడేసుకుని పొయ్యి దగ్గర నిలబడింది. సాయంత్రానికి తుమ్ములు పట్టుకున్నాయి.

కామేశానికి ఆ తుమ్ములు పీట దగ్గరికి వినిపించాయి. ప్రతి తుమ్ముకీ అతని ప్రాణం ఉసూరుమంది. తనకి కిటికీ లేకపోతే పోయింది, అలవాటే. ఆవిడ కిటికీ కూడా తనవల్లే పోయింది. సిగ్గుతో చచ్చిపోయాడు. ఎప్పుడూ లేనంత ధైర్యం తెచ్చుకుని, గంట మోగకుండానే లేచి వెళ్ళాడు.

"అయ్యా, మా ఆవిడ కాసేపు కిటికీ దగ్గర జుట్టు ఆరబెట్టుకుంటుందండి. తమరు ఒక్క ఘడియ అవతలికి జరిగితే..."

త్రివిక్రమరావుగారు కుర్చీలో వెనక్కి వాలారు. తువ్వాలు మీద అప్పటికే నూనెమరక గుండ్రంగా పడింది. "అర్జీ రాసి పెట్టమను. చూస్తాను" అన్నారు.

సుభాషిణి వంటగదిలోంచి ఆ మాట విన్నది. నూనెమరక కూడా చూసింది. రాసి పెట్టలేదు.

సోమవారం వచ్చింది, ఛాయాచిత్రం పంపవలసిన సోమవారం. ముందు రాత్రి నుంచి ముసురు. ఇంట్లో ఉన్న తువ్వాళ్ళన్నీ దండెం మీద తడిగుడ్డల్లా వేలాడుతున్నాయి. త్రివిక్రమరావుగారు ఉదయమే అధికారుల బాత్‌రూములో స్నానానికి దిగారు. దిగేముందు ఒక విషయం మరిచిపోయారు.

"కామేశం, తువ్వాలు" అని లోపల్నించి కేక వినిపించింది.

కామేశం పీట మీంచి లేచాడు. ఈ కేక అటెండరుకా, గుమాస్తాకా తేల్చుకోలేక నిలబడిపోయాడు. ఇంతలో సుభాషిణి వంటగదిలోంచి వచ్చింది. దండెం చూసింది. అన్నీ తడివే. ఇంట్లో పొడి తువ్వాలు ఒక్కటే ఉంది. నేరుగా కిటికీ దగ్గరికి నడిచి, కుర్చీ మీది తువ్వాలు తీసి, బాత్‌రూము తలుపు సందులోంచి లోపలికి అందించింది.

"ఇదిగోనండి, పొడిదే" అంది.

"సంతోషం తల్లీ" అన్నారు లోపల్నించి.

సుభాషిణి చేతులు దులుపుకుంది. "ఏవండీ, ముసురు కాస్త తెరిపిచ్చింది. వెలుతురు బావుంది. ఇవాళ ఫోటో పంపాలన్నారు కదా."

కామేశం రూల్సు తప్పే మనిషి కాదు. ఉదయం పంపవలెనంటే ఉదయమే పంపాలి. మొక్క చూశాడు, తీగలు చూశాడు. ఫోటో తీశాడు, పంపాడు. త్రివిక్రమరావుగారు తలకి ఆ తువ్వాలే చుట్టుకుని బయటికొచ్చి, తీరిగ్గా తల తుడుచుకుని, మళ్ళీ దాన్ని కుర్చీ మీద పరిచి కూర్చున్నారు. ఆయనకేమీ తెలియలేదు.

ఉత్తర్వు వెంటనే వచ్చింది. రద్దు చేయడానికి సంస్థ ఎప్పుడూ ఆలస్యం చెయ్యదు. "తాజా ఛాయాచిత్రము ప్రకారము సదరు ఆసనము సాధారణ ఆసనమని రూఢి అయినది. కావున అచ్చట డిప్యూటీ డైరెక్టరు పదవి లేదు, ఎన్నడును లేదు. శ్రీ త్రివిక్రమరావుగారు లేని పదవిలో ఇన్నాళ్ళు ఎట్లు కొనసాగిరో స్వయముగా వచ్చి సంజాయిషీ ఇచ్చుకొనవలెను."

త్రివిక్రమరావుగారు ఉత్తర్వు రెండుసార్లు చదివారు. కుర్చీ మీంచి లేచి, ఒకసారి తువ్వాలు వైపు, ఒకసారి బాత్‌రూము వైపు చూశారు. ఆయన మొహంలో రంగు మారింది. ఆ బాత్‌రూములో తన పదవితో తానే ఒళ్ళు తుడుచుకున్నానని అర్థమైంది పాపం. సూట్‌కేసు సర్దుకున్నారు. రైసుమిల్లు సంచుల మీంచి జాగ్రత్తగా దిగి వెళ్ళిపోయారు. గంట మాత్రం మరిచిపోయారు.

ఉత్తర్వు చివర చిన్న అక్షరాల్లో ఇంకో వాక్యం ఉంది. "తదుపరి ఏర్పాట్లు జరుగు వరకు ఉపకార్యాలయ బాధ్యతలను శ్రీ వేమగిరి కామేశము పూర్తి అదనపు హోదాలో నిర్వహించవలెను."

కామేశం ఆ వాక్యాన్ని వేలు పెట్టి చదువుకున్నాడు. పూర్తి అదనపు హోదా. మర్నాడు కిటికీ దగ్గరికి వెళ్ళి కూర్చున్నాడు. గాలి వచ్చింది. కింద సైకిళ్ళు పోతున్నాయి. అంతా మొదటి రోజులాగే ఉంది, కానీ వీపు వెనక ఏదో వెలితిగా అనిపించింది. అటూ ఇటూ చూశాడు. సుభాషిణి నూనెమరక పోయేదాకా ఉతికి ఆరేసిన తువ్వాలు దండెం మీద ఉంది. దాన్ని తెచ్చి, మడత నలగకుండా కుర్చీ వీపు మీద పరిచాడు. కూర్చున్నాడు. ఇప్పుడు బావుంది. ఒకసారి ఊరికే గంట కొట్టి చూశాడు. ఆ చప్పుడు ఇటువైపు నుంచి వింటే చాలా ఇంపుగా ఉంది.

అలా మూడు రోజులు గడిచాయి. కూర్చునే తీరు మారింది. వెనక్కి వాలి, కళ్ళజోడు తీసి మాట్లాడటం అలవాటైంది. 'క్యాంటీను' కాగితం చింపెయ్యమని సుభాషిణి అంటే, "ఆ విషయం పరిశీలనలో ఉంది" అన్నాడు.

శుక్రవారం సుభాషిణి తలంటుకుని వచ్చింది. జుట్టు చివర్ల నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"ఏవండీ, ఆ తువ్వాలిలా ఇచ్చి కాసేపు లేవండి. జుట్టు ఆరబెట్టుకుంటాను."

కామేశం కుర్చీలో వెనక్కి వాలాడు. గొంతు సవరించుకున్నాడు.

"అర్జీ రాసి పెట్టు. చూస్తాను" అన్నాడు.

అన్నాక తెలిసింది ఏమన్నాడో. నోరు మూతబడింది కానీ మాట అప్పటికే గదిలో ఉంది. సుభాషిణి కోప్పడలేదు. చేతులు కట్టుకుని నిలబడింది.

"మనం ఈ ఇంట్లో దిగిన రోజు గుర్తుందా మీకు?"

"ఉంది" అన్నాడు కామేశం, సందేహంగా.

"పాలగిన్నె పట్టుకుని కుడికాలు పెట్టి ముందు లోపలికొచ్చింది ఎవరు?"

కామేశం ఆలోచించాడు. ఆలోచిస్తున్న కొద్దీ వీపు తువ్వాలు మీంచి ముందుకొచ్చింది.

"నువ్వే."

"అప్పుడు మీరేం చేస్తున్నారు?"

"గుమ్మం బయట" అన్నాడు కామేశం, గొంతు తగ్గించి, "చెప్పులు విప్పుకుంటున్నాను."

"మరి ఈ ఇంట్లో సీనియరు ఎవరండీ?"

సంస్థలో ఇంతకాలం పనిచేసినవాడికి ఆ ఒక్క ప్రశ్న చాలు. కామేశం లేచాడు. తువ్వాలు తీసి రెండు చేతులతో ఆవిడకిచ్చాడు. సిగ్గు పడ్డాడు, అంతకంటే ఎక్కువ తేలిక పడ్డాడు. బాత్‌రూము పక్కన ముక్కాలిపీట ఇంకా అక్కడే ఉంది. వెళ్ళి దాని మీద కూర్చున్నాడు.

సుభాషిణి కిటికీ దగ్గర కూర్చుని, కాళ్ళు బల్ల మీదకి చాపి, జుట్టు వెనక్కి జారవిడిచింది. సముద్రం గాలి ఆ జుట్టుని పట్టుకుని గదంతా కుంకుడుకాయ వాసన చేసింది. ఆవిడ కళ్ళు మూసుకుంది. కాసేపటికి చెయ్యి చాపి, బల్ల మీది గంట వెతికి, ఒక్కసారి మోగించింది.

ఒకసారంటే అటెండరు. కామేశం లేచి కాఫీ పెట్టడానికి వంటగదిలోకి వెళ్ళాడు.